రెండో రోజుకే మాయమయ్యే కొత్త కంట్రిబ్యూటర్లు: డాక్యుమెంటేషన్‌లో ఏం మార్చాలి?

ప్రశ్న కుదించి చెప్తే ఇదీ. కావలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్, ఆవిడ పాత విద్యార్థులు కొందరు కలిసి రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేశారు. మేత ఎంత వేశారు, ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఎన్ని గంటలు తిరిగాయి, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) ఎంత మిగిలింది, పట్టుబడిలో ఎంత కౌంట్ వచ్చింది, అన్నీ అందులో ఎక్కించుకోవచ్చు. పైథాన్ భాషలో, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌సైట్లు కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్) మీద నడుస్తుంది. స్క్రీన్ మీద అంతా తెలుగే. కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని నలుగురూ కలిసి పనిచేసే వెబ్‌సైట్) అందరికీ తెరిచిపెట్టారు, 40 పేజీల డాక్యుమెంటేషన్ కూడా ఉంది. నెల్లూరు, ఒంగోలు కాలేజీల పిల్లలు కంట్రిబ్యూటర్లుగా, అంటే ఇందులో మార్పులు చేసి సాయపడదామని ఉత్సాహంగా వస్తారు, రెండో రోజు నుంచి కనపడరు. డాక్యుమెంటేషన్ ఇంకా పెంచాలా, తెలుగులోకి మార్చాలా, వీడియోలు చెయ్యాలా, సర్టిఫికెట్లు ఇస్తే నిలబడతారా అని అడిగారు.

నమస్తే మేడమ్. నేను ఒంగోల్లో ఉంటాను. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచిపెట్టే) ప్రాజెక్టుల్లో కోడ్ కన్నా డాక్యుమెంటేషనే ఎక్కువ రాశాను, చాలాకాలంగా కొత్తవాళ్ళు పంపే మార్పులు చూస్తున్నాను. మీరిచ్చిన లింకు తెరిచి మీ పేజీలు చదివాను. పెంచాల్సిన అవసరం లేదు మేడమ్, తగ్గించాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి గంటలో చెయ్యాల్సిన పనులు తగ్గించాలి. అవి తగ్గితే పేజీలు వాటంతటవే తగ్గుతాయి.

మీ ఇన్‌స్టాలేషన్ పేజీ ఇలా మొదలవుతుంది: "వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ క్రియేట్ చేసుకుని, డిపెండెన్సీలు ఇన్‌స్టాల్ చేసి, డేటాబేస్ కాన్ఫిగర్ చేయండి." ఇందులో తప్పేమీ లేదు. తెలిసినవాళ్ళకి ఇది టీ చల్లారేలోపు అయిపోయే పని. సీఎస్ఈ రెండో సంవత్సరం చదివే పిల్లాడికి మాత్రం ఇందులో బోలెడు చిన్న పనులున్నాయి, ప్రతి దాని దగ్గరా ఆగిపోవచ్చు. మన ఊళ్ళలో దారి అడిగితే "పాత సినిమా హాలు దగ్గర ఎడమకి తిరుగు" అంటారు. ఆ హాలు పడగొట్టి కల్యాణ మండపం కట్టి ఏళ్ళవుతుంది. చెప్పేవాళ్ళ కంటికి మాత్రం హాలు ఇంకా అక్కడే ఉంటుంది. మీ 40 పేజీల్లో అలాంటి హాళ్ళు చాలానే ఉన్నాయి. అవి మీకు కనపడవు. జాంగో ముందే తెలుసు కాబట్టి నాకూ అన్నీ కనపడవు.

కాబట్టి ముందు రాయకండి, చూడండి. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలవండి. క్లాసులో ఫస్ట్ వచ్చేవాళ్ళు వద్దు, వాళ్ళు ఎలాగోలా దాటేస్తారు. ఒకరు పాలిటెక్నిక్ నుంచి వచ్చినవాళ్ళైతే మరీ మంచిది. కాలేజీ ల్యాబ్‌లో కాదు, వాళ్ళ సొంత ల్యాప్‌టాప్ మీద, వాళ్ళ ఫోన్ హాట్‌స్పాట్ మీద చెయ్యమనండి. మీ కంట్రిబ్యూటింగ్ పేజీ (కొత్తగా సాయపడేవాళ్ళ కోసం రాసింది) తెరిచి ఇచ్చి, "ఇది చూసి ప్రోగ్రామ్ నడిపించు" అని మాత్రం చెప్పి పక్కన ఒక కాగితం పెట్టుకుని కూర్చోండి. ఇక నోరు తెరవద్దు. పాఠాలు చెప్పేవాళ్ళకి ఇదే అన్నిటికన్నా కష్టం, తెలుసు. పిల్లాడు తప్పు ఫోల్డర్‌లో ఉండి కమాండ్ కొడుతుంటే చెయ్యి లాగుతుంది. అయినా ఆగండి. మీరు అక్కడ ఒక్క మాట అందిస్తే, ఆ మాట పేజీలో లేదన్న సంగతి ఎప్పటికీ బయటపడదు. ఎక్కడ ఆగాడు, ఏ వాక్యం రెండుసార్లు చదివాడు, ఎప్పుడు గూగుల్‌కో చాట్‌జీపీటీకో పోయాడు, అక్కడ ఏం దొరికింది, ఇవి రాసుకోండి. ఆ కాగితమే మీ కొత్త డాక్యుమెంటేషన్‌కి చిత్తుప్రతి.

ఆ కాగితం మీద ఏముంటుందో నేను సగం ఊహించగలను. విండోస్‌లో పైథాన్ లేకుండా పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. పిల్లాడికి అది ఎర్రర్ అని కూడా తెలియదు. ఆ తర్వాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ని (ఈ ప్రాజెక్టుకి కావాల్సిన లైబ్రరీలు విడిగా ఉంచే ఫోల్డర్) యాక్టివేట్ చెయ్యబోతే పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు కొట్టే కిటికీ), ఈ సిస్టంలో స్క్రిప్టులు నడపడం ఆపేసి ఉంది అని ఎర్ర అక్షరాల్లో చెప్తుంది. మీ పేజీలో ఉన్నది లినక్స్ కమాండ్ ఒక్కటే. అది దాటితే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ ఇన్‌స్టాల్ కాదు. ఆ ఎర్రర్ తీసుకెళ్ళి చాట్‌బాట్‌కి ఇస్తే, విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ దించుకోమని చెప్పొచ్చు. అవి కొన్ని జీబీలు. ఆ రోజు డేటా అక్కడితో సరి. రాత్రి 11 గంటలకి డేటా అయిపోయిన పిల్లాడు మర్నాడు పొద్దున్నే మళ్ళీ మీ ప్రాజెక్టు తెరుస్తాడని ఆశపడడం కష్టం. రెండో రోజుకి మాయం కావడం అంటే చాలాసార్లు ఇదే.

ఇక్కడ మీరు మామూలుగా చేసేది, ఈ ఎర్రర్లన్నిటికీ పరిష్కారాలు రాసి "ట్రబుల్‌షూటింగ్" అని మరో ఆరు పేజీలు పెట్టడం. దయచేసి ఆ పని చెయ్యకండి. హెచ్చరిక రాయాలనిపించిన ప్రతిసారీ, అసలు ఆ హెచ్చరిక అవసరం లేకుండా ప్రాజెక్టునే సరిచెయ్యగలమా అని ముందు చూడండి. నేను మీకు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

ఉదాహరణకి యాక్టివేట్ చేసే మెట్టు. అది లేకుండానే పని జరుగుతుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌లో ఉన్న పైథాన్‌నే పూర్తి దారితో పిలిస్తే చాలు, పవర్‌షెల్ గొడవే రాదు. పోస్ట్‌గ్రెస్ మీ అసలు సర్వర్‌కి కావాలి, ఒప్పుకుంటాను. మొదటిసారి వచ్చి ఒక బటన్ మీద మాట సరిచేసే పిల్లాడికి ఎందుకు? జాంగో కొత్త ప్రాజెక్టులో ఎటూ ఎస్‌క్యూలైట్ అనే, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేని చిన్న డేటాబేస్‌తోనే మొదలవుతుంది. సెట్టింగులేమీ ఇవ్వకపోతే ఎస్‌క్యూలైట్, ఇస్తే పోస్ట్‌గ్రెస్ అని మార్చండి. పోస్ట్‌గ్రెస్‌లోనే పనిచేసే క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) మీ కోడ్‌లో ఎక్కడో రెండుచోట్ల ఉన్నాయి. వాటిని పరీక్షించే పని సర్వర్ మీద జరిగే టెస్టులకి వదిలెయ్యండి.

తెలుగు సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఈ చిక్కు ఇంగ్లీషు ప్రాజెక్టులకి అంతగా రాదు. మీ టెస్టుల్లో ఒకటి తెలుగు పేర్లున్న ఫైల్‌ని చదువుతుంది. అక్కడ ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్‌లో ఎలా దాచాలో చెప్పే పద్ధతి) ఏమిటో చెప్పలేదు. లినక్స్‌లో యూటీఎఫ్-8 అని అదే అనుకుంటుంది కాబట్టి మీ దగ్గర ఎప్పుడూ పాస్ అవుతుంది. ఇప్పుడు ఎక్కువమంది దగ్గరున్న పైథాన్ వెర్షన్లలో విండోస్ మీద పాత కోడ్‌పేజీ తీసుకుంటుంది, 'చార్‌మ్యాప్' అని ఒక ఎర్రర్ కొట్టి పడిపోతుంది. కొత్త పిల్లాడు ఒక్క అక్షరం కూడా ముట్టుకోకముందే టెస్ట్ ఫెయిల్ అయింది. తప్పు తనదే అనుకుంటాడు. దీనికి డాక్యుమెంటేషన్‌లో ఒక పేరా రాయొచ్చు, లేదా ఫైల్ తెరిచే చోట యూటీఎఫ్-8 అని ఒక్క మాట పెట్టొచ్చు. రెండోదే చెయ్యండి.

అలాగే అనువాదాల ఫైళ్ళు. జాంగోలో పీఓ ఫైల్‌ని (మనం అనువాదాలు రాసేది) ఎంఓ ఫైల్‌గా (ప్రోగ్రామ్ చదివేది) కంపైల్ చెయ్యాలంటే జీఎన్‌యూ గెట్‌టెక్స్ట్ పరికరాలు కావాలి. విండోస్‌లో అవి ఉండవు. తెలుగు మాట ఒకటి సరిచేద్దామని వచ్చినవాళ్ళు, అంటే అందరికన్నా తేలిక పని చెయ్యడానికి వచ్చినవాళ్ళు, అందరికన్నా కష్టమైన మెట్టు దగ్గర ఆగిపోతున్నారు. ఎంఓ ఫైళ్ళని రిపాజిటరీలోనే (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) ఉంచండి, వాటిని తిరిగి తయారుచేసే పని మీరు పెట్టుకోండి. కంపైలయిన ఫైళ్ళు రిపాజిటరీలో ఉండకూడదని పట్టుబట్టేవాళ్ళుంటారు. జాంగో సొంత రిపాజిటరీలోనే ఎంఓ ఫైళ్ళున్నాయని వాళ్ళకి చూపించండి. దానివల్ల అప్పుడప్పుడూ మెర్జ్‌లో (ఇద్దరి మార్పులు కలిపేటప్పుడు) గొడవలొస్తాయి. ఆ బరువు మెయింటెయినర్లు (ప్రాజెక్టు చూసుకునే మీలాంటివాళ్ళు) మొయ్యాలి గానీ కొత్తవాళ్ళ మీద వెయ్యకూడదు.

మీ పేజీలో డాకర్ (ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సినవన్నీ ఒకే మూటగా నడిపే పరికరం) దారి కూడా ఉంది, "సులువైన పద్ధతి" అనే శీర్షిక కింద. ఎవరికి సులువు? డాకర్ డెస్క్‌టాప్‌కి విండోస్‌లో మామూలుగా డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపేది) కావాలి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగులు) వర్చువలైజేషన్ ఆన్ అయి ఉండాలి, ఆ పైన ఇమేజ్‌లు దించుకోవాలి. బయోస్‌లోకి ఎట్లా పోవాలో ల్యాప్‌టాప్ కంపెనీని బట్టి మారుతుంది. ఆ దారి తీసెయ్యక్కర్లేదు, కింద ఎక్కడో ఉంచండి. దానికి బదులు గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్‌కి సరిపడా సెట్టింగ్ ఫైల్ ఒకటి పెడితే బ్రౌజర్‌లోనే అంతా నడుస్తుంది. వ్యక్తిగత ఖాతాకి నెలకి 120 కోర్ గంటలు ఉచితం, అంటే రెండు కోర్ల మెషీన్ మీద 60 గంటలు. పాత ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలకి ఇది పెద్ద ఊరట. రిపాజిటరీ దించుకునేటప్పుడు కూడా డెప్త్ 1 అని (పాత చరిత్ర లేకుండా తాజా కోడ్ మాత్రమే వచ్చేలా) పెట్టమనండి. మీ పాత కమిట్లలో (ఇదివరకు దాచిన మార్పుల్లో) చెరువుల ఫొటోలు చాలా ఉన్నాయి, అవన్నీ మొదటిరోజే ఎవరికీ అక్కర్లేదు. ఈ మెట్లన్నిటికీ కలిపి ఎంత డేటా ఖర్చవుతుందో కొలిచి పేజీ పైన రాయండి. హాట్‌స్పాట్ మీద బతికేవాళ్ళు ముందు చూసేది అదే. ఏ కంట్రిబ్యూటింగ్ పేజీలోనూ అది ఉన్నట్టు నేను చూడలేదు.

ఇంత తగ్గించాక మిగిలేది రాయండి. ఎలా రాయాలో ఒక మచ్చు ఇస్తాను:

"ఈ పేజీ పూర్తయ్యేసరికి మీ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ నడుస్తుంటుంది, బ్రౌజర్‌లో 'చెరువుల పట్టిక' అనే పేజీ కనిపిస్తుంది. జాంగో వచ్చి ఉండాల్సిన పని లేదు. కింది కమాండ్లు ఇప్పుడే తయారైన ప్రాజెక్టు ఫోల్డర్ లోపల ఉండి మీరు కొట్టాలి. మూడో కమాండ్ తర్వాత ఓకే అనే మాటతో కొన్ని వరుసలు వస్తాయి. అలా కాకుండా 'నో సచ్ టేబుల్' అని వస్తే రెండో కమాండ్ తప్పిపోయింది, అది కొట్టి మళ్ళీ రండి."

దీనికీ మీ పాత వాక్యానికీ తేడా పొడవులో లేదు. ఎక్కడ ఉండి చెయ్యాలి, చేశాక ఏం కనపడాలి, అది కనపడకపోతే ఎటు పోవాలి, ఈ మూడూ ఉన్నాయి. కొత్తవాళ్ళకి కమాండ్ కన్నా, కమాండ్ పనిచేసిందో లేదో తెలియడం ముఖ్యం. ఏమీ ప్రింట్ చెయ్యకుండా విజయవంతంగా ముగిసే కమాండ్ల దగ్గర "ఏమీ రాదు, అదే సరైనది" అని రాయండి. చాలామంది ఆ ఖాళీ చూసి అదే కమాండ్ నాలుగుసార్లు కొడుతుంటారు. ఎర్రర్ మాటల్ని స్క్రీన్ మీద ఎలా వస్తే అలాగే, ఇంగ్లీషులో, కత్తిరించకుండా పెట్టండి. పిల్లలు వెతికేది ఆ మాటలతోనే.

ప్రోగ్రామ్ నడిచింది. ఇప్పుడు రెండో గోడ: ఏం చెయ్యాలి? మీరు "ఇష్యూల్లో నచ్చింది తీసుకోండి" అన్నారు. ఇష్యూలంటే గిట్‌హబ్‌లో రాసిపెట్టిన పనుల, తప్పుల జాబితా. ఈ విషయంలో జాంగో వాళ్ళ పద్ధతి చూడండి. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో మొదటి కంట్రిబ్యూషన్ గురించి ఒక పాఠం ఉంది. అందులో 'మేక్ టోస్ట్' అనే ఒక ఉత్తుత్తి ఫంక్షన్‌ని జాంగోలో చేర్చమంటారు. అది 'టోస్ట్' అనే మాట తిరిగి ఇస్తుంది, అంతే. దానికి ముందు టెస్ట్ రాయాలి, అది ఫెయిల్ కావడం చూడాలి, ఫంక్షన్ రాయాలి, పాస్ కావడం చూడాలి, డాక్యుమెంటేషన్ రాయాలి, చివరికి ప్యాచ్ (చేసిన మార్పుల మూట) తయారుచెయ్యాలి. ఆ పని ఎవరికీ పంపక్కర్లేదు, ఎవరూ తిరస్కరించరు. దారంతా ఒకసారి నడిచి వస్తారు. మీరూ అలాంటిది ఒకటి పెట్టండి. చెరువు పట్టికలో ఒక కొత్త గడి చేర్చడం లాంటిది, మొదట్నుంచి చివరిదాకా. మీ 40 పేజీల్లో అలాంటి పేజీ నాకు కనపడలేదు.

రొయ్యల సంగతి ఎవరూ రాయకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. మీ ఇష్యూల్లో ఒక పిల్లాడు "ధరల పట్టిక తలకిందులుగా ఉంది, 30 దగ్గర ఎక్కువ ధర, 100 దగ్గర తక్కువ ధర చూపిస్తోంది" అని బగ్ పెట్టి, దాన్ని సరిచేసి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు చేర్చుకోండి అనే అభ్యర్థన) కూడా పంపాడు. కోడ్ చక్కగా రాశాడు, టెస్ట్ కూడా రాశాడు. కానీ కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, అందుకే ధర ఎక్కువ. అల్లూరు, విడవలూరు వైపు చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయం, కనిగిరి నుంచి వచ్చిన పిల్లాడికి ఎలా తెలుస్తుంది? వాళ్ళ వైపు చెరువంటే వర్షపు నీటి చెరువే. ఆ పుల్ రిక్వెస్ట్‌ని "నాట్ ఎ బగ్" అని మూసేశారు. ఆ పిల్లాడు మళ్ళీ రాలేదు.

కోడ్‌కి డాక్యుమెంటేషన్ రాస్తాం గానీ కోడ్ దేని గురించో రాయం. కౌంట్, చెక్ ట్రే, మేతకీ బరువుకీ నిష్పత్తి, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రి ఏరేటర్ లెక్కలు ఎందుకు విడిగా ఉన్నాయి, ఇవన్నీ రెండు పేజీల్లో రాయించండి. ఇది రాయడానికి కోడ్ వచ్చినవాళ్ళు అక్కర్లేదు. ఆక్వా ఇళ్ళ నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలు మీ దగ్గర ఉండే ఉంటారు, వాళ్ళకిది మంచి మొదటి కంట్రిబ్యూషన్. కోడ్ రాయనివాళ్ళు కూడా ఓపెన్ సోర్స్‌లో పనికొస్తారని చెప్తాం గానీ, వాళ్ళకి పని చూపించం.

ఇష్యూల దగ్గరికి వస్తే, 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అనే లేబుల్ మీరు వాడుతున్నారు, మంచిదే. గిట్‌హబ్ ఆ లేబుల్‌ని గుర్తుపట్టి కొత్తవాళ్ళకి విడిగా చూపిస్తుంది కూడా. కానీ లేబుల్ కింద "రిపోర్ట్ పేజీ స్లోగా ఉంది" అని ఒక్క వాక్యం ఉంటే అది మొదటి ఇష్యూ కాదు, అందరికన్నా సీనియర్ చెయ్యాల్సిన ఇష్యూ. ఏ ఫైల్‌లో చూడాలి, ఇప్పుడు ఏమవుతోంది, ఏం కావాలి, అయిందని ఎలా తెలుస్తుంది, ఇవి రాయలేకపోతే ఆ లేబుల్ పెట్టకండి. అలా రాయడానికి పట్టే సమయంలో మీరే ఆ పని చేసెయ్యొచ్చు అనిపిస్తుంది. నిజమే, చేసెయ్యొచ్చు. మనిషి కావాలా, పని కావాలా అన్నది మీరు తేల్చుకోవాలి.

ఇంకో విషయం, ఇది మన పిల్లల్లో మరీ ఎక్కువ. ప్రతి ఇష్యూ కిందా "సర్, ప్లీజ్ అసైన్ దిస్ టు మీ" అని పది కామెంట్లుంటాయి. హోంవర్క్ ఇచ్చినట్టు ఎవరో ఇస్తేనే చెయ్యాలనే అలవాటు చిన్నప్పట్నుంచీ వచ్చింది. మెయింటెయినర్ అసైన్ చేస్తాడు, ఆ పిల్లాడు సెమిస్టర్ పరీక్షలకి పోతాడు, ఇష్యూ రెండు నెలలు అలా ఉండిపోతుంది, మిగతా తొమ్మిదిమంది వెళ్ళిపోతారు. "ఎవరినీ అడగక్కర్లేదు, మొదలుపెట్టి డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ తెరవండి, అదే మీ పేరు రాసుకున్నట్టు" అని కంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో పైనే పెట్టండి. పరీక్షల సంగతి వచ్చింది కాబట్టి: నెల్లూరు కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కింద, ఒంగోలు కాలేజీలు కాకినాడ కింద ఉంటాయి, పరీక్షలు ఒకే వారంలో రావు. మీరు మాయమయ్యారనుకున్న వాళ్ళలో కొందరు పరీక్షలు రాస్తుంటారు. 30 రోజులు కదలిక లేకపోతే పుల్ రిక్వెస్ట్ మూసేసే బాట్ ఒకటి పెట్టారు మీరు. దాన్ని తీసెయ్యండి.

పంపిన తర్వాత ఏం జరుగుతుందో కూడా రాయండి. ఇది దాదాపు ఎవరూ రాయరు. మొదటిసారి పుష్ చేసేటప్పుడు (మార్పుల్ని గిట్‌హబ్‌కి పంపేటప్పుడు) గిట్‌హబ్ పాస్‌వర్డ్ అడిగితే పిల్లలు నిజంగానే పాస్‌వర్డ్ కొడతారు, అది కుదరదు. 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకి పాస్‌వర్డ్ తీసుకోవడం ఆపేశారు. విండోస్ గిట్‌తో వచ్చే క్రెడెన్షియల్ మేనేజర్ బ్రౌజర్ తెరిచి లాగిన్ అడుగుతుందని ఒక్క వాక్యం చాలు. ఆ తర్వాత, కొత్తవాళ్ళ పుల్ రిక్వెస్ట్ మీద ఆటోమేటిక్ టెస్టులు వెంటనే నడవవు, మెయింటెయినర్ అనుమతి ఇవ్వాలి. ఆ టెస్టులు నడిపే గిట్‌హబ్ ఉచిత మెషీన్లని క్రిప్టో మైనింగ్‌కి వాడుకునేవాళ్ళు ఎక్కువయ్యాక 2021లో గిట్‌హబ్ తెచ్చిన పద్ధతి ఇది. మీకు అది ఒక బటన్. పిల్లాడికి "అవెయిటింగ్ అప్రూవల్" అన్న పసుపు గుర్తు, దాన్ని చూస్తూ తనే ఏదో పాడుచేశాననుకుని కొందరు పుల్ రిక్వెస్ట్ మూసేసుకుంటారు. "శని, ఆదివారాల్లో చూస్తాం. మార్పులు అడిగామంటే మీ పని నచ్చలేదని కాదు, మాలో మేము కూడా ఒకరినొకరు అడుగుతాం" అని రాసి పెట్టండి. రాసినట్టు చూడండి కూడా. చూడలేనప్పుడు ఎంత అందమైన డాక్యుమెంటేషన్ ఉన్నా దండగే.

ఇంగ్లీషు భయం ఎలాగూ ఉంటుంది. గ్రూపులో అడగడానికి మొహమాటపడి ఎవరో ఒక సీనియర్ అన్నకి విడిగా వాట్సాప్ పెడతారు, జవాబు అక్కడే ఆగిపోతుంది, మర్నాడు ఇంకొకరు అదే అడుగుతారు. తెలుగులో అడగొచ్చని, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఫర్వాలేదని స్పష్టంగా రాయండి. ఒక మచ్చు ప్రశ్న కూడా పెట్టండి: ఏం చెయ్యబోయాను, ఏ కమాండ్ కొట్టాను, పూర్తి ఎర్రర్ ఇదీ, నా కంప్యూటర్ ఇదీ. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టొద్దనీ, అక్షరాలు కాపీ చెయ్యమనీ చెప్పండి. ఎవరైనా విడిగా అడిగితే తిట్టకండి, "ఇదే గ్రూపులో పెట్టు, అక్కడ చెప్తాను" అనండి.

మరి డాక్యుమెంటేషన్ అంతా తెలుగులో ఉండాలా? నా సలహా, మొదటి పేజీ, ఆ ప్రాక్టీసు పాఠం, రొయ్యల పదాల పేజీ మాత్రం తెలుగులో రాయండి. కమాండ్లు, ఎర్రర్లు, మెనూ పేర్లు స్క్రీన్ మీద ఉన్నట్టే వదిలెయ్యండి. ఫోల్డర్‌ని సంచయమనీ, కమిట్‌ని నిబద్ధత అనీ మారిస్తే తెలుగు మీడియం పిల్లలకి కూడా అర్థం కాదు. మిగతా 30 చిల్లర పేజీలు సులువైన ఇంగ్లీషులో ఉంటే చాలు. రెండు భాషల్లో అన్నీ పెడితే ఆరు నెలల్లో ఒకటి పాతబడుతుంది, పాతబడేది ఎప్పుడూ తెలుగుదే. వీడియోల విషయంలో నాకు అంత నమ్మకం లేదు. బటన్ ఒకటి పక్కకి జరిగితే వీడియో మొత్తం మళ్ళీ తియ్యాలి, అందులోంచి కమాండ్ కాపీ చేసుకోలేరు. పుల్ రిక్వెస్ట్ తెరవడం చూపించే చిన్న రికార్డింగ్ ఒకటి ఉంటే ఉండనివ్వండి.

మీ 40 పేజీల్ని పారెయ్యమని అనడం లేదు. డానియేలె ప్రొసీడా అనే ఆయన డాక్యుమెంటేషన్‌ని నాలుగు రకాలుగా విడదీసి డయాటాక్సిస్ అని పేరుపెట్టారు: నేర్పే పాఠాలు, పని చేసుకునే సూచనలు, చూసుకునే వివరాలు, ఎందుకలా అని చెప్పే వివరణలు. మీ దగ్గర నాలుగూ ఒకే పేజీలో కలిసిపోయి ఉన్నాయి. ఇన్‌స్టాలేషన్ మధ్యలో రెండు పేరాలు జాంగోనే ఎందుకు ఎంచుకున్నారో రాశారు. బాగా రాశారు, కానీ కమాండ్ కొడుతున్న పిల్లాడికి అప్పుడు అదక్కర్లేదు. కత్తిరించి వేరే పేజీలో పెట్టండి. ఆ సిద్ధాంతం గురించి ఇంతకన్నా ఎక్కువ ఆలోచించక్కర్లేదు, దాన్ని పట్టుకుని ఫోల్డర్లు సర్దుకుంటూ నెలలు గడిపిన ప్రాజెక్టులు చూశాను.

రాసినది పాతబడకుండా ఉండాలంటే రెండు పనులు. మొదటిది, ఆ మొదటి పేజీలోని కమాండ్లనే గిట్‌హబ్ యాక్షన్స్‌లో (టెస్టుల్లాంటివి తనంతట తానే నడిపే సదుపాయం) విండోస్ మెషీన్ మీద వారానికోసారి నడిపించండి. ఏదైనా లైబ్రరీ మారి కమాండ్ పనిచెయ్యకపోతే కొత్త పిల్లాడి కన్నా ముందు మీకు తెలుస్తుంది. రెండోది, చివరగా చేరినవాళ్ళకే ఆ పేజీ అప్పజెప్పండి. "నువ్వు ఎక్కడ ఇబ్బందిపడ్డావో అక్కడ సరిచెయ్యి" అనేదే వాళ్ళ రెండో పుల్ రిక్వెస్ట్. నెల దాటితే ఆ ఇబ్బంది వాళ్ళకీ గుర్తుండదు, అందుకని ఆ వారంలోనే అడగండి. వాళ్ళ ఇంగ్లీషు, వాళ్ళ తెలుగు మీరు తర్వాత దిద్దుకోవచ్చు.

చివరికి సర్టిఫికెట్లు. ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపినవాళ్ళకి టీషర్ట్ ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, 2020లో ఆ టీషర్ట్ కోసం ఎంతోమంది రీడ్‌మీ ఫైళ్ళలో (ప్రాజెక్టు పరిచయం ఉండేవి) ఒక మాట అటూ ఇటూ మార్చి పుల్ రిక్వెస్టులు కుమ్మరించారు. మెయింటెయినర్లు గగ్గోలు పెట్టాక, నిర్వాహకులైన డిజిటల్ ఓషన్ ఆ అక్టోబరులోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకి మాత్రమే లెక్కిస్తామంది. పంపినందుకు సర్టిఫికెట్ ఇస్తామంటే మీకూ అదే వస్తుంది, ఇప్పుడు చాట్‌బాట్లు రాసిపెట్టే పుల్ రిక్వెస్టులు కూడా కలిసి. ఇంటర్న్‌షిప్ క్రెడిట్ కోసం కాలేజీ కాగితం అడుగుతుంది కాబట్టి అసలు ఇవ్వొద్దని అనలేను. మెర్జ్ అయిన మార్పుకి మాత్రమే ఇవ్వండి, ఆ లింకు సర్టిఫికెట్ మీదే అచ్చు వెయ్యండి. డాక్యుమెంటేషన్ సరిచేసినవాళ్ళకీ, రొయ్యల పదాల పేజీ రాసినవాళ్ళకీ కోడ్ రాసినవాళ్ళతో సమానంగా ఇవ్వండి. ఇంతకీ ఆ ధరల పట్టిక పిల్లాడి పుల్ రిక్వెస్ట్ కింద ఇప్పటికైనా ఒక కామెంట్ పెట్టి, కౌంట్ అంటే ఏమిటో చెప్పి, ఆ పదాల పేజీ మొదలుపెట్టమని అడిగి చూడండి.